అమెజాన్ గురించి "మీడియా చెప్పని ఆరు నిజాలు": వాటి సంగతి

ఈ వాట్సాప్ మెసేజ్ ముందు ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. ఊరుకున్నాను. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ట్యాంకర్ ఎప్పుడొస్తుందన్న మెసేజ్‌కూ పార్కింగ్ గొడవకూ మధ్యలో వచ్చింది. అప్పుడూ ఊరుకున్నాను. ఇప్పుడు మా బాబాయ్ విడిగా నాకే పంపి, "నువ్వు ఇలాంటివన్నీ చదువుతుంటావు కదరా, ఇందులో ఎంత నిజమో చెప్పు" అన్నాడు. అడిగాడు కాబట్టి చెబుతున్నాను.

మెసేజ్ అందని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నది ఇదీ. ఒకటి, ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ అమెజాన్ అడవి నుంచే వస్తుంది, అది కాలిపోతే మన పిల్లలు వీపున సిలిండర్లు మోసుకు తిరగాలి. రెండు, అక్కడి మంటలు ప్రకృతి సహజం, ఏటా వస్తాయి, అడవి తనంతట తానే మళ్లీ మొలుస్తుంది. మూడు, కార్బన్ డయాక్సైడ్ చెట్లకు ఆహారం, అది ఎంత పెరిగితే అడవి అంత ఏపుగా ఎదిగి మొత్తం పీల్చేస్తుంది. నాలుగు, ఎక్కడో బ్రెజిల్‌లో ఉన్న అడవి ఏమైతే మనకేంటి. ఐదు, ఒక చెట్టు కొట్టినా రెండు మొక్కలు నాటితే లెక్క సరి. ఆరు, తమ అడవులన్నీ నరుక్కుని బాగుపడ్డ దేశాలు ఇప్పుడు బ్రెజిల్‌కు నీతులు చెబుతున్నాయి. కింద మంటల్లో కొమ్మను కరుచుకున్న కోలా ఫొటో.

మొదటి పాయింటులో అడవి పోతే చస్తాం అన్నవాడే నాలుగో పాయింటులో పోతే మనకేంటి అంటున్నాడు. రాసినాయన మధ్యలో భోజనానికి వెళ్లొచ్చినట్టున్నాడు.

ముందు ఫొటో. కోలాలు ఉండేది ఆస్ట్రేలియాలో. అయిపోయింది.

ఆక్సిజన్ సంగతి. ఆకులు ఎండలో ఆక్సిజన్ విడుస్తాయి, కాదనేది లేదు. భూమ్మీద మొక్కలన్నీ కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసే ఆక్సిజన్‌లో అమెజాన్ వాటా సుమారు 16 శాతం అని ఆక్స్‌ఫర్డ్‌లో అడవుల మీద పనిచేసే యద్విందర్ మల్హి లెక్కగట్టారు. సముద్రంలోని నాచునీ కలిపితే అది 9 శాతం దగ్గరికి వస్తుంది. ఇది రాబడి మాత్రమే. ఖర్చు కూడా చూడాలి. అందులో సగానికి పైగా ఆ చెట్లే రాత్రీ పగలూ శ్వాసకు వాడుకుంటాయి. మిగిలింది రాలిన ఆకుల్నీ పడిపోయిన మానుల్నీ కుళ్లబెట్టే బూజూ బ్యాక్టీరియా తీసేసుకుంటాయి. ముదిరిన అడవిలో రాబడి, ఖర్చు దాదాపు సమానం. బయటికి మిగిలేది సున్నాకు దగ్గర. మనం పీల్చే గాలిలోని 21 శాతం ఆక్సిజన్ కోట్ల ఏళ్లుగా పేరుకున్న నిల్వ. అమెజాన్ మొత్తం రేపే తగలబడినా ఆక్సిజన్ తగ్గినట్టు మన ఊపిరికి తెలియదు. సిలిండర్ బుక్ చేసినవాళ్లు క్యాన్సిల్ చేసుకోవచ్చు.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ అబద్ధం ఆ మెసేజ్ రాసినాయన పుట్టించింది కాదు. అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లే, అంటే నాలాంటివాళ్లే, దశాబ్దాలుగా దీన్ని ఊరేగించారు. 2019 ఆగస్టులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కూడా 20 శాతం ఆక్సిజన్ ఇచ్చే ఊపిరితిత్తులు కాలిపోతున్నాయని ట్వీట్ చేశారు. పక్కన పెట్టిన ఫొటో లోరెన్ మెకింటైర్ తీసింది. ఆయన 2003లోనే చనిపోయారు. దేశాధ్యక్షుడే అలా చేస్తే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీని ఏమనగలం?

ఈ ఆక్సిజన్ గోల వల్ల అసలు లెక్క మరుగున పడింది. అమెజాన్ చెట్లలో, నేలలో కలిపి 150 నుంచి 200 బిలియన్ టన్నుల కార్బన్ ఉంది. ప్రపంచమంతా బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చి ఏడాదికి గాల్లోకి వదిలే కార్బన్ సుమారు 10 బిలియన్ టన్నులు. అంటే పదిహేను, ఇరవై ఏళ్ల పొగ అక్కడ మానుల రూపంలో నిలబడి ఉంది. టెన్షన్ పడాల్సింది దీని గురించి.

మూడో పాయింటు, కార్బన్ డయాక్సైడ్ చెట్లకు ఆహారం. సగం నిజం. గాల్లో అది పెరిగినందువల్ల చెట్లు కొంత వేగంగా ఎదిగిన మాట శాస్త్రవేత్తలే చెప్పారు. కానీ అదే శాస్త్రవేత్తలు ఆఫ్రికా, అమెజాన్ అడవుల్లో 565 చోట్ల గుర్తులు పెట్టిన చెట్లను దశాబ్దాల పాటు కొలిచి 2020లో చెప్పిన రెండో మాట ఈ మెసేజ్‌లో లేదు. మనిషి చేయి పడని ఉష్ణమండల అడవులు 1990లలో మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో 17 శాతాన్ని పీల్చాయి. 2010లకు వచ్చేసరికి అది 6 శాతం. అడవి తగ్గింది, మన పొగ పెరిగింది, వేడికీ కరవుకీ చెట్లు ఎక్కువగా చచ్చాయి. నీళ్లు లేనప్పుడు ఆహారం ఎంత పెడితే ఏం లాభం?

బ్రెజిల్ అంతరిక్ష పరిశోధనా సంస్థ ఇన్పేలో లూసియానా గాట్టి అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆవిడ బృందం చేసిన పని నాకు భలే నచ్చుతుంది. చిన్న విమానం నాలుగు కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్తుంది. అక్కడి నుంచి చుట్లు తిరుగుతూ సుమారు మూడొందల మీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. దిగుతున్నంతసేపూ ఒక్కో ఎత్తులో ఒక్కో గాజు ఫ్లాస్కులో గాలి పట్టుకుంటారు. అమెజాన్‌లో నాలుగు చోట్ల, 2010 నుంచి 2018 దాకా, దాదాపు 600 సార్లు ఇలా దిగారు. అడవి మీదికి వచ్చే గాలిలో ఎంత కార్బన్ ఉంది, దాటి వెళ్లే గాలిలో ఎంత ఉంది అని సరిచూశారు. 2021లో తేలిందేమిటంటే, ఎక్కువగా నరికేసిన ఆగ్నేయ భాగం పీల్చడం మానేసి కార్బన్ వదులుతోంది. మంటల పొగను లెక్కలోంచి తీసేసినా సరే. "మొత్తం పీల్చేస్తుంది" అన్న అన్నగారు ఆ ఫ్లాస్కుల లెక్క చూస్తే బాగుండు.

మంటలు ప్రకృతి సహజమట. అమెజాన్ నడిబొడ్డున పిడుగు పడితే దాంతోపాటు వానా పడుతుంది, నేల తడి తడిగా ఉంటుంది, మంట సాగదు. అందుకే అక్కడి చెట్లకు మంటను తట్టుకునే మందపాటి బెరడు కూడా లేదు. మంటలు పెట్టేది మనుషులు. పద్ధతి ఇలా ఉంటుంది. వానలు తగ్గగానే చెట్లు కొట్టి అక్కడే పడేస్తారు. ఒకటి రెండు నెలలు ఎండనిస్తారు. ఆగస్టు, సెప్టెంబర్లలో నిప్పు పెడతారు. బూడిద మీద గడ్డి గింజలు చల్లి పశువుల్ని వదులుతారు. పశువులు తిరుగుతుంటే భూమి మన స్వాధీనంలో ఉన్నట్టు. తర్వాత కాగితాలు పుట్టిస్తారు. సర్కారు భూమిలో రాత్రికి రాత్రి రేకుల షెడ్డు లేవడం చూసిన మనకు కబ్జా గురించి ఒకరు పాఠం చెప్పాలా? 2019 ఆగస్టు 10న పారా రాష్ట్రంలోని నోవో ప్రోగ్రెసో చుట్టుపక్కల కొందరు మాట్లాడుకుని మరీ ఒకే రోజు నిప్పు పెట్టారు. దానికి "మంటల రోజు" అని పేరే పడిపోయింది. అదే నెల 19న సావో పావులో నగరంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మింది. మేఘాలకు దూరం నుంచి వచ్చిన పొగ తోడైంది.

ఇంకా సహజమే అంటారా? అయితే ఉపగ్రహాల నుంచి ఇన్పే ఏటా కొలిచే అంకెలు చూడండి. 2004లో బ్రెజిల్ అమెజాన్‌లో పోయిన అడవి 27,772 చదరపు కిలోమీటర్లు. మరీనా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉండగా నిఘా, జరిమానాలు, కొత్త రక్షిత ప్రాంతాలు మొదలయ్యాయి. 2012కల్లా అది 4,571కి దిగింది. అధ్యక్షుడిగా బొల్సొనారో వచ్చాక 2021లో 13,000 దాటింది. అంకెలు బయటపెట్టినందుకు ఇన్పే డైరెక్టర్ రికార్డో గల్వావోను 2019లో పదవి నుంచి తీసేశారు. ప్రభుత్వం మారి మరీనా సిల్వా మళ్లీ మంత్రి అయ్యాక 2025కు 5,796. ఉరుములూ మెరుపులూ బ్రెజిల్ ఎన్నికల షెడ్యూలు చూసుకుని వస్తాయని మా గ్రూపులో ఎవరైనా నిరూపిస్తే నేను ఫోన్ అమ్మేస్తాను.

ఒక్క విషయం దాచకూడదు. 2024లో నరకడం తగ్గినా మంటలు మాత్రం విపరీతంగా పెరిగాయి. కరవు ఎంతగా ముదిరిందంటే, బీళ్లలో పెట్టిన నిప్పు పక్కనున్న నిలువు అడవిలోకి పాకింది. అంటే పరిస్థితి మెసేజ్‌లో చెప్పినదానికంటే ఘోరంగా ఉంది.

"మనకేంటి" అన్న నాలుగో పాయింటు. కార్బన్ డయాక్సైడ్‌కు వీసా అక్కర్లేదు, ఏడాది తిరిగేసరికి భూగోళమంతా కలిసిపోతుంది. అది చాలదంటే నూనె సంగతి చూద్దాం. 1970లలో ఎనియాస్ సలాతీ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త అట్లాంటిక్ తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ వాన నీటిలోని ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలు, ఎలా మారుతున్నాయో కొలిచారు. అమెజాన్‌లో పడే వానలో సగం దాకా ఆ అడవే ఆవిరిగా పైకి పంపి మళ్లీ కురిపించుకున్నదని తేల్చారు. ఆ ఆవిరి అక్కడితో ఆగదు. ఆండీస్ కొండలకు తగిలి దక్షిణానికి మళ్లి బ్రెజిల్ దక్షిణ భాగంలో, పరాగ్వేలో, అర్జెంటీనా ఉత్తరాన సోయా పొలాల మీద కురుస్తుంది. మన దేశం దిగుమతి చేసుకునే సోయాబీన్ నూనెలో ఎక్కువ భాగం అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచే వస్తుంది. "మనకేంటి" అని టైప్ చేస్తూ నమిలిన పకోడీని ఏ నూనెలో వేయించారో ఒకసారి వంటింట్లో అడగండి.

ఇక 2023 గుర్తుందా? మనకు ఆగస్టు నెల 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా పోయింది. అదే ఏడాది సెప్టెంబర్ చివర అమెజాన్‌లోని తెఫే సరస్సులో నీళ్లు 39 డిగ్రీలు దాటి వందకు పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. అక్టోబర్లో అక్కడే మనౌస్ నగరం దగ్గర రియో నీగ్రో నది 1902లో కొలవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎన్నడూ లేనంత కిందికి పోయింది. మరుసటి ఏడాది ఆ రికార్డూ చెరిగింది. అమెజాన్ వల్ల మన వాన ఆగిందని నేను అనను, అంటే అదింకో ఫార్వర్డ్ అవుతుంది. ఆ ఏడాది రెండు చోట్లా ఎల్ నినో చేయి ఉంది. వేడెక్కిన పసిఫిక్ వాళ్లకూ మనకూ ఒక్కటే.

ఇప్పుడు ఐదోది. మిగతావి తెలియక రాసినవి అనుకుని వదిలేయొచ్చు. ఒకటి కొట్టి రెండు నాటడం మాత్రం అలా వదలలేను. ఎందుకంటే దీన్ని బాబాయిలే కాదు, ప్రభుత్వాలూ కంపెనీలూ నమ్ముతున్నాయి. కనీసం నమ్మినట్టు సంతకాలు పెడుతున్నాయి.

పడమటి అమెజాన్‌లో ఒక్క హెక్టారులో, అంటే రెండున్నర ఎకరాల్లో, మూడొందల రకాల చెట్లు లెక్కపెట్టిన చోట్లు ఉన్నాయి. మొత్తం అమెజాన్‌లో దాదాపు 16,000 రకాలు ఉంటాయని అంచనా. వందల ఏళ్ల మాను ఒకటి, దాని నీడలో యాభై ఏళ్లది, దాని కింద చీకట్లో ఎదురుచూస్తున్న మొక్క, వీటన్నిటి మీదా పాకిన తీగలు. ఇంత ఉన్నచోట గొడ్డలి వేసి, ఇంకోచోట వరసకట్టి ఒకే రకం మొక్కలు నాటి "లెక్క సరి" అంటున్నారు. ఏ లెక్క? తలకాయల లెక్కా?

నాటిన తోట ఎలా ఉంటుందో చూడటానికి బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. ఖమ్మం వైపు జామాయిల్ తోటలోకి, ప్రకాశం వైపు సుబాబుల్ తోటలోకి వెళ్లి ఒక్క పది నిమిషాలు నిలబడండి. దారం పట్టి గీసినట్టు వరసలు, కింద ఎండాకు, ఆ చివర నుంచి ఈ చివరకు కనిపించే ఖాళీ. నాలుగైదేళ్లకు కోత. బెరడు తీసిన కర్ర లారీలకెక్కి పేపర్ మిల్లుకు పోతుంది. రైతు చేసిన తప్పేమీ లేదు, అది పంట, పంటగానే పెంచాడు. ఆ కార్బన్ కాగితమై, పొట్లమై, చెత్తకుప్పై కొన్నేళ్లలో మళ్లీ గాల్లో కలుస్తుంది. దాన్ని అడవి ఖాతాలో వేయడంతోనే నాకు పేచీ.

వేస్తున్నారు కూడా. మన ఫారెస్ట్ సర్వే లెక్కలో అటవీ విస్తీర్ణం అంటే ఏమిటో తెలుసా? ఒక హెక్టారు, అందులో పది శాతం మేర చెట్ల నీడ. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా పర్లేదు. కొబ్బరితోట, మామిడితోట, జామాయిల్ అన్నీ అర్హులే. ఈ లెక్కన కోనసీమ కొబ్బరితోటలో నిలబడి నేను దట్టమైన అడవిలో తప్పిపోయానని ఫోన్ చేయొచ్చు. అందుకే సహజమైన అడవి తరిగినా, తోటలు పెరిగితే కాగితం మీద పచ్చదనం పెరుగుతుంది.

మన దేశంలోనే వానాడవిని కొట్టి మొక్కలు నాటే ప్లాన్ ఒకటి ఉంది. గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇవ్వడానికి 2022లో అనుమతులు వచ్చాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే 9.64 లక్షల చెట్లు పోవచ్చు. షోంపెన్ ఆదివాసులు బతికే దీవి, పెద్ద సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. బదులుగా మొక్కలు నాటేది ఎక్కడో ఊహించండి. హర్యానాలో. నికోబార్ పావురం ఢిల్లీ దాకా ఎగిరొచ్చి గురుగ్రామ్ దగ్గర గూడు వెతుక్కుంటుంది కాబోలు.

ఇండోనేషియా సంగతి మరీ దారుణం. 1996లో సుహార్తో ప్రభుత్వం బోర్నియో దీవిలోని కలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల చిత్తడి అడవిని వరి పొలాలుగా మార్చాలనుకుంది. అక్కడి నేల మామూలు మట్టి కాదు, పీట్. నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లుగా మీటర్ల లోతున పేరుకున్న ఆకూ కొమ్మా. చెట్లు కొట్టారు. నీళ్లు దిగిపోవడానికి వేల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. వరి గురించి కాస్త తెలిసిన మన గోదావరి రైతునెవరినైనా అడిగి ఉంటే ఆ నేల చూసి దండం పెట్టి వచ్చేవాడు. వరి పండలేదు. ఎండిన పీట్ మాత్రం 1997 ఎల్ నినోలో అంటుకుంది. పైన ఆర్పినా లోపల నెలల తరబడి రగిలింది. ఆ ఏడాది ఇండోనేషియా పీట్, అడవుల మంటల్లోంచి లేచిన కార్బన్, ప్రపంచమంతా ఇంధనాలు కాల్చి వదిలినదాంట్లో 13 నుంచి 40 శాతానికి సమానమని తర్వాత అంచనా వేశారు. వేల ఏళ్లు పేరుకున్నదానికి బదులు ఏ మొక్క నాటుతారు? రెండు కాదు, రెండు వందలు నాటండి, ఎప్పటికి పూడుతుంది?

ఆ దేశంలో అలాంటి నేలలు చాలాచోట్ల పామాయిల్ తోటలయ్యాయి. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మనమే. అందుకని అశ్వారావుపేట, దమ్మపేటల్లో, ఏలూరు పక్కన పెదవేగిలో పాత పొలాల్లో ఆయిల్ పామ్ వేయడాన్ని నేను తప్పు పట్టను. నీళ్ల సంగతి వేరే చర్చ. అక్కడ పండిన ప్రతి టన్నూ బోర్నియో మీద కొంత భారం తగ్గించవచ్చు. పొలంలో వేసే తోట ఒకటి, అడవి కొట్టి వేసే తోట ఒకటి. ఈ తేడా పట్టించుకోకుండా "చెట్టు చెట్టే కదా" అంటే మాత్రం ఒప్పుకోను.

మొక్కలు నాటొద్దని కాదు. వీధిలో నీడ కోసం నాటండి. వర్షాకాలం రాగానే పన్నెండు మంది ఒకే మొక్కను పట్టుకుని ఫొటో దిగి, మరుసటి ఏడాది అదే గుంటలో ఇంకో మొక్క పెట్టినా పర్లేదు. అది మాత్రం అడవి కొట్టడానికి రసీదు కాకూడదు. పాడైన అడవిని కంచె వేసి వదిలేస్తే వానాడవి చాలావరకు తనే లేస్తుంది. దశాబ్దాలు పడుతుంది, ఫొటోకు పనికిరాదు. అందుకే దానికి రిబ్బన్ కట్ చేసేవాళ్లు దొరకరు.

ఇక ఆరోది. దీన్ని చివరికి ఎందుకు ఉంచానంటే, దీన్ని ఖండించడానికి నా దగ్గర ఏమీ లేదు. యూరప్ తన అడవుల్ని ఓడలకూ కొలుములకూ పొలాలకూ ఎప్పుడో నరుక్కుంది. ఇప్పటివరకు గాల్లో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికాదే పెద్ద వాటా. వాళ్లు అడవుల మీద ఉపన్యాసం ఇస్తుంటే నాకూ ఒళ్లు మండుతుంది. మెసేజ్ రాసినాయన దీన్నుంచి "కాబట్టి నరకనివ్వండి" అంటాడు. నేను "కాబట్టి బిల్లు వాళ్లకు పంపండి" అంటాను. బ్రెజిల్ ఆ పనే చేస్తోంది. 2008లో అడవిని కాపాడటానికి అమెజాన్ ఫండ్ పెట్టింది, అందులో ఎక్కువ డబ్బు నార్వేది. 2025 నవంబర్‌లో బెలెం నగరంలో వాతావరణ సదస్సు ముందు, అడవిని నిలబెట్టుకున్న దేశాలకు ఏటా చెల్లించడానికి 125 బిలియన్ డాలర్ల లక్ష్యంతో ఇంకో పెట్టుబడి నిధిని ప్రకటించింది. మొదట్లో వచ్చిన హామీలు సుమారు 5.5 బిలియన్లు, అందులో మూడు నార్వేవే. నార్వే ఆ డబ్బంతా సంపాదించింది సముద్రంలో ఆయిల్ తవ్వి. బ్రెజిల్ మాత్రం తక్కువ తిన్నదా? అమెజాన్ నది కలిసే వైపు, అమాపా తీరానికి అవతల సముద్రంలో ఆయిల్ కోసం తవ్వి చూడటానికి తన ప్రభుత్వ చమురు కంపెనీ పెట్రోబ్రాస్‌కు లైసెన్సు ఇచ్చింది అదే ఏడాది అక్టోబర్ 20న. బెలెంలో సదస్సు మొదలైంది నవంబర్ 10న.